చేతి మిషనుకు నేను విండోస్ ఎక్కించిన వైనం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్ళలో నా చెయ్యి పడని కంప్యూటర్ లేదు. ఈ మాట నేను చాలా పెళ్ళి పందిళ్ళలో చెప్పాను. నిజానికి ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వెనక రెండు వీధులు, పులివెందులలో తెలిసినవాళ్ళ ఇళ్ళు, అంతే నా రాజ్యం. జమ్మలమడుగులో నన్ను పిలిచినవాళ్ళే లేరు. ఎందుకంటే అక్కడ మా బామ్మర్ది ఉన్నాడు.

ఈ రిపేరు పనిలోకి ఇప్పుడిప్పుడే దిగుతున్న మీకు చెప్పాలని కూర్చున్నది ఆయన గురించే. ఆయన గొప్ప గురించి కాదు. ఆయనను చూస్తే నాకు పుట్టే కడుపుమంట గురించి. దాని గురించి రాసేటప్పుడు మాత్రం నేను గోరంతను కొండంత చేయనక్కర లేదు, ఉన్నది ఉన్నట్టు రాసినా కొండంతే ఉంటుంది.

నా అంగట్లో ముందు గదిలో రిపేరు, వెనక గదిలో ఆటల కంప్యూటర్లు ఉండేవి. కాలేజీ ఎగ్గొట్టి వచ్చే పిల్లలతో ఆ గది ఎప్పుడూ చెమట వాసన కొట్టేది. రిపేరులో నాది ఒకటే వైద్యం. ఏ రోగమొచ్చినా ఫార్మాట్ కొట్టి లోపలున్నదంతా తుడిచేయడం, విండోస్ మళ్ళీ ఎక్కించడం. మిషను నెమ్మదిగా నడిచినా అదే, పాట వినపడకపోయినా అదే. ఒకసారి ఎలుక వైరు కొరికిన మిషనుకు కూడా ఫార్మాట్ కొట్టాను. మరుసటి రోజు ఎలుక సంగతి తెలిసింది. ఆ మనిషికి చెప్పలేదు.

మా బామ్మర్ది ఒక బడిలో గుమాస్తా. బడిలో మూలన పడేసిన పాత కంప్యూటర్లకు విండోస్ బదులు, ఊరికే దొరికే లైనెక్స్ వేసి నడిపించేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సెలవుల్లో మా ఇంటికి వచ్చి, నా అంగట్లో స్టూలు మీద కూర్చుని, నేను సీడీలు మార్చడం చూసేవాడు.

"బావా, ఊరికే దొరికేది ఉండంగా దుడ్లు పెట్టి కొనేది యాల? కొనకండా దొంగ సీడీ ఏసేది యాల?" అన్నాడొకసారి, ఇంటికొచ్చాక.

"ఊరికే వచ్చేదాని మీద మీ అక్క గూడా నమ్మకం పెట్టుకోదురా" అన్నాను.

లోపల కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ వెంటనే అందుకుంది. "నిన్ను ఊరికే ఇచ్చింటే నేను గూడా ఒద్దనేదాన్నే."

అక్కా తమ్ముళ్ళిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఆయనకు తెలుసు, నాకు తెలియదు అన్నది కాదు నా బాధ. తెలిసినవాడు తెలిసినట్టు కనిపించాలి కదా. ఈయన కనిపించడు. అడిగితేనే చెబుతాడు, చెప్పి మరిచిపోతాడు. నేనైతే ఒక మౌస్ మార్చినా వీధి చివరిదాకా వినపడేలా మారుస్తాను.

నేను అంగడి పూర్తిగా ఎత్తేసిన తర్వాత ఒక రోజు ఆయన మా ఇంటికి ఒక చేతి మిషను తెచ్చాడు. మధ్యలో తెర, రెండు పక్కలా మీటలు, రెండు చేతులతో పట్టుకుని ఆడుకునేది. లోపల నడిచేది లైనెక్సే. తెచ్చింది నాకు కాదు, వాళ్ళ అక్కకు. నాతో కాపురం చేసినన్నాళ్ళూ కంప్యూటర్ ముందు ఒక్కసారి కూడా కూర్చోని మనిషి, ఆ మిషనులో తోట పెంచే ఆట మొదలుపెట్టింది. విత్తనాలు చల్లడం, నీళ్ళు పెట్టడం, కోయడం. పెరట్లో కరివేపాకు చెట్టు ఎండిపోతోంది, ఆమె మాత్రం తెరమీద గుమ్మడికాయలు కోస్తోంది.

"ఏమయ్యా, చారు పొంగుతాంది, పోయి స్టవ్ ఆర్పు. నాకీడ కోతకొచ్చింది."

పోయి ఆర్పాను. వెనక గదిలో అన్ని కంప్యూటర్లు పెట్టిన నేను మా ఆవిడను ఒక్క ఆట ముందు కూర్చోబెట్టలేకపోయాను. ఆయన ఒక్క పూటలో కూర్చోబెట్టి, మజ్జిగ తాగి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇలా ఉండగా పులివెందుల నుంచి ఫోను వచ్చింది.

ఆ మనిషికి చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు ఉన్నాయి. ఊళ్ళో మాట చెల్లే కుటుంబం. డిగ్రీ మా ఊళ్ళో చదివాడు, అంటే పేరు కాలేజీలో, మనిషి నా వెనక గదిలో. అక్కడ ఒక కార్ల పందెం ఆట ఉండేది. రోజూ అదే. అప్పటి నుంచి నన్ను మామా అని పిలుస్తాడు. పెళ్ళికి పిలిచాడు, గృహప్రవేశానికి పిలిచాడు. పులివెందులలో నాకో మనిషి ఉన్నాడని నేను గర్వంగా చెప్పుకునేది ఈయన్ని చూసుకునే.

"మామా, బతికుండావా?"

"నీ దయవల్ల. నువ్వెట్లుండావు నాయనా?"

"నా నడుము పోయింది మామా. ట్రాక్టర్ మీంద నుంచి పడినా. ప్లేట్లు ఏసినారు. అటూ ఇటూ తిరగకుండా పైకి చూసుకుంటా పడుకోవాలంట. ఫ్యాను చూసి చూసి పిచ్చి పడతాంది. నీ అంగట్లో ఆ కారాట ఉండె చూడు, అది తెచ్చి పెట్టు మామా. ఇంగేమీ వద్దు నాకు."

తర్వాత ఫోను ఆయన భార్య తీసుకుంది. వసారాలోకి వచ్చినట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది. "అన్నా, ఆయప్ప అన్నం సరిగ్గా తినడంల్యా. ఎవురితోనూ మాట్లాడ్డంల్యా. నిన్న సంగటి గిన్నె తీసి గోడకేసి కొట్టినాడు. ఇంట్లో పెద్దోళ్ళు వచ్చి పలకరిస్తే కండ్లు మూసుకుంటాడు. ఇన్ని దినాలకు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఎట్లన్నా చెయ్యన్నా."

"ఇదేమంత పని తల్లీ! రేపు సాయంత్రానికి మీ ఆయన కారు తోలుతాంటాడు, చూడు" అన్నాను.

ఆట పాత సీడీ నా అటకమీద ఉందని తెలుసు. ఇంకేమీ తెలియదు. మంచంలో వెల్లకిలా పడుకున్న మనిషి కంప్యూటర్ ఎలా చూస్తాడన్నది బస్సులో కూర్చున్నాక ఆలోచించాను.

ఆలోచన మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. వాళ్ళ మంచానికి నాలుగు వైపులా దోమతెర కట్టెలున్నాయి. వాటికి అడ్డంగా రెండు కర్రలు కట్టి, నైలాన్ తాడుతో మానిటర్‌ను బోర్లా వేలాడదీశాను. సరిగ్గా ఆయన మొహానికి పైన. కీబోర్డు పొట్టమీద పెట్టాను. కొత్త కంప్యూటర్ ఆయనదే, పక్కన బల్లమీద. ఇలాంటి ఏర్పాటు రాయలసీమలో ఎవరూ చేసి ఉండరని అప్పుడే ఆయన భార్యతో అన్నాను. అది మాత్రం నిజమే అయ్యుంటుంది.

ఆయన కిందనుంచి మానిటర్ వైపు చూశాడు. "మామా, ఇది నా మీంద పడితే మొగానికి గూడా ప్లేట్లు ఏపిస్తావా?"

"నా కట్టు తెగదు నాయనా."

ఆట ఎక్కించి నొక్కాను. తెర నల్లబడింది. మళ్ళీ నొక్కాను. నలుపే.

"ఏంది మామా?"

"మిషను యేడెక్కాల."

"మే నెల మామా. ఇంకెంత యేడెక్కాల?"

పాత ఆట, కొత్త కంప్యూటర్. రెంటికీ పొసగలేదు. తప్పు కంప్యూటర్‌ది కాదు, విండోస్‌ది కాదు. పాత ఆటను కొత్త మిషనులో నడిపించే ఉపాయం నాకు తెలియదు, అంతే. తెలియనప్పుడు నేను చేసేది మీకు తెలుసు. ఫార్మాట్ కొట్టాను. మళ్ళీ విండోస్ ఎక్కేదాకా ఆ మనిషి నా తాడు వైపు చూస్తూ పడుకున్నాడు. మళ్ళీ ఆట ఎక్కించాను. నలుపే. అంతలో ఒక ముడి జారి మానిటర్ బెత్తెడు కిందికి దిగింది. ఆమె కెవ్వుమంది. ఇద్దరం కలిసి మానిటర్ దించాం.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రం కూడా అన్నం గిన్నె అలాగే వెనక్కి పోయింది.

ఇంటికొచ్చి "దాదాపు అయిపోయింది, చిన్న పనుండాది" అన్నాను. మా ఆవిడ నా మొహం చూసింది, నా వేళ్ళమీద తాడు ఒరిపిళ్ళు చూసింది. పులివెందుల నుంచి ఆమెకు అప్పటికే అంతా ఫోనులో తెలిసిపోయినట్టుంది, వంటింట్లోకి పోయి తమ్ముడికి ఫోను చేసింది.

"ఏమిరా, పాపం ఆ పిల్లోడు సంగటి తినకుండా పడుండాడంట. మీ బావ యాడికో పోయి దోమతెరకు టీవీ కట్టొచ్చినాడు. నా మిషను ఇస్తా, దాంట్లో ఆ ఆట పెట్టి ఇయ్యి. నా తోట మాత్రం చెరపాకు."

మరుసటి రోజు బామ్మర్ది మా ఇంటికొచ్చి, నా సీడీ అడిగి తీసుకుని, వాళ్ళ అక్క మిషనులో ఆట పెట్టాడు. సీడీ నాది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

"విండోస్ ఆట లైనెక్స్‌లో నడుస్తాదా?" అని ఎగతాళిగా అడిగాను.

"మధ్యలో ఒక దుబాసీ కూర్చుంటాది బావా. ఆట విండోస్ మాటల్లో అడుగుతాది. అది లైనెక్స్‌కు తిప్పి చెప్తాది. పాత ఆటలకు ఒక్కోసారి ఈ దుబాసీయే బాగా కుదురుతాది."

తెర వెలిగింది. కార్లు వచ్చాయి. నా అంగట్లో ఏళ్ళ తరబడి విన్న సంగీతం మా ఆవిడ చేతిలోంచి వినపడింది. నా సొంత ఆట నా దగ్గర నలుపు చూపించి, ఆయన దగ్గర పాట పాడింది.

ఇద్దరం కలిసే పులివెందులకు పోయాం. నేను పోకుండా ఎలా ఉంటాను? నా మనిషి కదా. బామ్మర్ది గదిలోకి పోయి మిషను బయటికి తీయలేదు. మంచం పక్కన కూర్చున్నాడు. చేతులు ఎంతవరకు లేస్తాయి, ఎంతసేపటికి నొప్పి పుడుతుంది అని అడిగాడు. దిండ్లు రెండు తెప్పించి మోచేతుల కింద పెట్టించాడు. నేను ఆ గదిలో ఒక పూటంతా గడిపాను, తాడు పొడవు కొలిచాను గాని ఈ సంగతి అడగలేదు. అప్పుడు మిషను ఇచ్చాడు.

కారు చప్పుడు వినపడగానే ఆయన భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మొదటి మలుపులో కారు గోడకు గుద్దుకుంది. "థూ, ఈ మలుపు! ఇరవై ఏండ్లాయ, ఇంగా ఆడనే ఉండాది" అన్నాడు ఆ మనిషి. నవ్వుతున్నాడు. ఆమె గబగబా కంచం తెచ్చి ముద్దలు నోట్లో పెట్టడం మొదలుపెట్టింది.

"ఆగుమే, ఆగు, మలుపుండాది" అంటూనే నోరు తెరిచాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని బామ్మర్దికి దణ్ణం పెట్టింది. పక్కనే ఉన్నందుకు కొంచెం నాకూ పెట్టింది.

ఇంకొకటుంది, మందు వేసుకుంటే ఆయనకు నిద్ర ముంచుకొచ్చేది. పందెం మధ్యలో నిద్రపోతే ఆమె మిషను పైన ఒక మీట నొక్కేది, అదీ నిద్రపోయేది. లేచాక నొక్కితే కారు సరిగ్గా అదే మలుపులో ఉండేది. ఇదంతా నాకు ఆమె ఫోనులో చెప్పింది. చెప్పడానికి చేయలేదు, మా బామ్మర్ది నంబరు కలవక నాకు చేసింది. అప్పటికి ఆ మనిషి ఆయన్ని సార్ అనడం మానేసి మామా అనడం మొదలుపెట్టాడు. నేను డిగ్రీ రోజుల నుంచి సంపాదించుకున్న పిలుపు అది. ఆయనకు వారంలో వచ్చింది.

ఇక నా బుద్ధి ఏం చేసిందో చెబుతాను. ఆ మిషనులో విండోస్ ఉంటే, ఏ చిన్న తేడా వచ్చినా ఫోను నాకు వస్తుంది. లైనెక్స్ ఉన్నంతకాలం జమ్మలమడుగుకే పోతుంది. లెక్క అంత సులువు. ఒంటరిగా పులివెందులకు పోయి, "సర్వీసింగ్ చెయ్యాల నాయనా, దుమ్ము పట్టింటాది. రేపు తెచ్చిస్తా" అన్నాను.

ఆయన మిషను గుండెలకు ఆనించుకున్నాడు. "ఇప్పుడే యాల మామా? ఆఖరు పందెం ముందర ఉండా. వంతెన మలుపు దాటడానికి నా పాణం తోకకొచ్చింది. అది గెలిస్తే చాలు నాకు. చదువుకునేటప్పుడు గూడా గెలవల్యా."

"నా చేతిలో పెట్టినాక భయమేంది?"

ఇచ్చాడు. నమ్మి ఇచ్చాడు.

మా ఆవిడ మార్కెట్టుకు పోయిన పూట తలుపేసుకుని ఫార్మాట్ కొట్టాను. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని మిషను అడిగింది. నేను ఎప్పుడూ ఆ ప్రశ్న చదవను. విండోస్ ఎక్కింది. వంకర టింకరగా ఎలాగో ఆట కూడా లేచింది. ఎగిరి గంతేశాను. ఈ వయసులో గంతేయడం అంటే కుర్చీలోంచి లేచి నిలబడడం.

మా ఆవిడ వచ్చి, సంచీ కింద పెట్టి, మిషను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ నొక్కింది.

"ఏమయ్యా, నా తోట యాడ?"

"తోట..."

"గుమ్మడికాయలు కోతకుండాయి. ఆవు ఈనుండాది. యాడ నా తోట?"

చెప్పాను. ఆమె కేక వేయలేదు. వంకాయలు సంచీలోంచి తీసి ఒక్కొక్కటే బుట్టలో పెట్టింది. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది.

అయినా నేను తగ్గలేదు. మిషను తీసుకుని పులివెందులకు పోయాను. తెరమీద అక్షరాలు పేలంత ఉన్నాయి. వెల్లకిలా పడుకున్న మనిషి బొటనవేలితో ఆ చిన్న బాణాన్ని జరపలేక జరపలేక ఆట తెరిచాడు. మొదటి కారు, మొదటి పందెం. ఆయన గెలిచిందంతా పోయింది. కాసేపు ఆడాడు. నిద్ర ముంచుకొచ్చింది, ఆమె మీట నొక్కింది. మిషను నిద్రపోలేదు. దానికి కావలసినవి నేను సరిగ్గా వేసుంటే పోయేదేమో. గుండెలమీద పెనంలా కాలిపోతుంటే ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆ ఉలికిపాటుకు నడుము పట్టేసి అరిచాడు. ఛార్జింగ్ కూడా అయిపోయింది.

"తీస్కపో మామా" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకునే వీలు కూడా లేని మనిషి. కళ్ళు మూసుకున్నాడు.

ఆమె గడప దగ్గర నిలబడింది. "బాగుండేదాన్ని యాల ముట్టుకున్నావన్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. చెప్పగలిగేది కాదు. ఇంటికి పోకుండా ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి జమ్మలమడుగులో దిగాను.

బామ్మర్ది మిషను తెరిచి చూశాడు. తెరమీద విండోస్ బొమ్మ చూశాడు. నన్ను చూశాడు.

"కాఫీ తాగుతావా బావా?"

"తిట్టురా ముందు."

"తిడితే ఆయప్ప గెలిచిన పందేలు వస్తాయా? కూర్చో."

ఆయన మళ్ళీ లైనెక్స్ ఎక్కించాడు, ఆట పెట్టాడు. మధ్యలో ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. గెలిచిన పందేలు ఎక్కడైనా దాచిపెట్టి ఉంచావా అని అడిగాను.

"లేదు బావా. అక్క తోటా దాచల్యా, ఆయప్ప ఆటా దాచల్యా. నాకు తోచి ఉండాల్సింది. అది నా తప్పే."

చూశారా? ఫార్మాట్ కొట్టింది నేను, తప్పు కూడా ఆయనే తీసుకున్నాడు. నాకు మిగలనిస్తే కదా!

"మిషను ఈడ పెట్టిపో. రెండు దినాల్లో నేను ఆడి, ఆఖరు పందెం కాడికి తెచ్చి ఇస్తా" అన్నాడు.

ఆ మాట వినగానే మిషను ఆయన చేతిలోంచి లాక్కున్నాను. "అక్కర్లా. ఆ ఆటలో నన్ను కొట్టేవాడు పుట్టల్యా. నేనే ఆడి తెస్తా."

నా వెనక గదిలో పిల్లలకు కూడా ఈ మాటే చెప్పేవాడిని. నిజమేమిటంటే ఆటల అంగడి నడిపినన్నాళ్ళూ నేను ఒక్క ఆట ఆడలేదు. పిల్లల ముందు ఓడిపోతే పరువు పోతుందని భయం.

మా ఇంట్లో మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి మొదలుపెట్టాను. మొదట కారు వెనక్కి పోయింది. తర్వాత ముందుకు పోయి నీళ్ళలో పడింది. ఎడమ బొటనవేలు ఒకటి చేస్తే కుడి బొటనవేలు దాన్నే చూస్తూ ఉండిపోతుంది. మీరు నవ్వుతారు గాని, ఆ మొదటి పందెం గెలవడానికి నేను పడిన పాట్లు పాతికేళ్ళ రిపేర్లలో పడలేదు. మా ఆవిడ నాతో మాట్లాడదు కదా, గోడతో మాట్లాడేది.

"కొందరు తోలితే కారు గూడా ఏడుస్తాది."

ఇంకో రోజు: "ఆ పాపం పిల్లోడు ఫ్యాను చూసుకుంటా పడుండాడు. ఈడ ఒకాయన ఈత కొడతాండాడు."

ఆడాను. బొటనవేళ్ళు వాచాయి. వేడినీళ్ళలో పెట్టి మళ్ళీ ఆడాను. పులివెందులకు రోజూ ఫోను చేసి, "ఇంగ రెండు పందేలు నాయనా" అనేవాడిని. నాలుగు మిగిలినప్పుడు కూడా రెండే అనేవాడిని. అవతల నుంచి ఆమె "సరేన్నా" అనేది. ఆయన ఫోను పట్టుకునేవాడు కాదు.

చివరికి వంతెన మలుపు దగ్గర ఆగిపోయాను. వంతెన ఎక్కగానే దారి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. ప్రతిసారీ నదిలోకే. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు పడ్డానో చెప్పను, చెబితే ఈసారి తగ్గించి చెప్పాల్సి వస్తుంది. బామ్మర్దికి ఫోను చేయాలా అని ఒక్క క్షణం అనిపించింది. చేయి ఫోను దాకా పోయి వెనక్కి వచ్చింది.

మా ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టింది. "ఇట్ల ఇయ్."

అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

"నీకు కార్లు తెలియవే."

"నీకు తెలిసి యాడికి పోయినావు? నదిలోకేనా? ఇట్ల ఇయ్."

ఇచ్చాను. ఆమె గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంది. రెండుసార్లు నదిలో పడింది. మూడోసారి కారు వంతెన ఎక్కి, మలుపులో మెల్లగా జారి, అవతలి ఒడ్డున తేలింది.

"మలుపు కాడ నువ్వు బ్రేకు తొక్కుతాండావు. తొక్కితే బండి ఈడ్చుకోనిపోతాది. ఊరికే వదిలిపెట్టు, అదే తిరుగుతాది."

చెప్పి, చేట మీదికి వంగి రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. నేను మిషను పట్టుకుని ఆమె వైపు చూస్తూ కూర్చున్నాను. బామ్మర్దిని చూసి కుళ్ళుకోవడం అలవాటే. ఆ రోజు ఇంట్లో ఇంకొకరు తేలారు.

ఆదివారం పులివెందులకు పోయాను. బామ్మర్ది కూడా వచ్చాడు, మిషను ఒకసారి చూసి పోదామని. దిండ్లు సర్ది, నేనే నా చేతులతో మిషను అందించాను. ఆ మనిషి అపనమ్మకంగా తీసుకున్నాడు. తెరను మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఆఖరు పందెం సిద్ధంగా ఉంది.

"మామా, ఇదంతా మళ్ళా మొదటి నుంచి ఆడినావా?"

"ఆడినా."

"ఈ వయసులో?"

"వయసుతో పనేముంది నాయనా" అన్నాను. వాచిన వేళ్ళు లుంగీ మడతలో దాచుకున్నాను.

ఆయన కళ్ళు తెరమీంచి నా మీదికి వచ్చాయి. "మల్ల ఈ వంతెన మలుపు? నాకు వారం పట్టింది ఇది. ఎవురు దాటించినారు?"

నేను నోరు తెరిచేలోగా మా బామ్మర్ది అందుకున్నాడు. "ఇంకెవరు, బావే."

వాళ్ళ అక్క ఆయనకు ఫోనులో అంతా చెప్పిందని నాకు తెలుసు. తెలిసి కూడా, మొహంలో ఏమీ కదలకుండా, ఆ గొప్ప నాకిచ్చేశాడు. మంచం మీది మనిషి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఎన్నాళ్ళ నుంచో నేను కోరుకున్న చూపే అది. తీసుకుంటే అయిపోయేది. మిగతావన్నీ అలాగే తీసుకున్నాను కదా!

కానీ అది బామ్మర్ది ఇచ్చిన చూపు. జమ్మలమడుగు నుంచి పనిగట్టుకుని తెచ్చి, నా చేతిలో పెట్టాడు. ఇవాళ ఇది తీసుకుంటే, జీవితాంతం ఆయన పెద్దమనిషి, నేను ఆయన పెట్టింది తిన్నవాడిని. ఆ పెద్దరికం కూడా ఆయనకేనా? నా వల్ల కాలేదు. నాకు నిజం మీద పుట్టిన ప్రేమ కాదది, ఒట్టి కుళ్ళు.

"అబద్ధం నాయనా. వంతెన దాటించింది మీ అత్త. నేను నదిలో పడి పడి ఈత నేర్చుకున్నా. మొదటే ఫార్మాట్ కొట్టింది గూడా సర్వీసింగ్ కోసం కాదు. నువ్వు ఈయప్పను మామా అంటాంటే ఓర్వలేక కొట్టినా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత మంచం కదలడం మొదలైంది. ఆయన నవ్వుతున్నాడు, ఒక చేత్తో నడుము పట్టుకుని.

"నవ్వించాకు మామా, ప్లేట్లు ఊడతాయి! అయ్యో, ఓర్వలేక ఫార్మాట్ కొట్టినావా? ఓమే, అత్తకు ఫోన్ కలుపు. ఆ మలుపు ఎట్ల తిప్పిందో అడగాల."

ఫోను కలిపారు. మా ఆవిడ గొంతు గదంతా వినిపించింది. బ్రేకు తొక్కద్దని, ఊరికే వదిలిపెట్టమని, మొదట అన్నం తిని ఆడమని చెప్పింది. ఆయన "సరే అత్తా, సరే అత్తా" అంటూ ఆఖరు పందెం మొదలుపెట్టాడు. ఓడిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. కంచం వచ్చింది.

"అత్తా, నువ్వు దాటించినావని మామే చెప్పినాడు తెలుసునా?" అన్నాడు నోట్లో ముద్దతో.

అవతల చేట కింద పెట్టిన చప్పుడైంది. "ఎవురూ? ఆయనా? ఆయన నోటితోనే?"

"ఆయన నోటితోనే."

"ఫోన్ ఆయనకియ్యి" అంది. అందుకున్నాను. "సాయంత్రం తొందరగా రా. ఎర్రగడ్డ కారం నూరి పెడతా" అంది. అంతే.

ఫోను ఇచ్చేసి తలెత్తాను. మా బామ్మర్ది కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని నా వైపే చూస్తున్నాడు. నాకు అచ్చంగా తెలిసిన చూపు అది, అద్దంలో రోజూ చూసుకునేదే. ఇన్నేళ్ళకు మా బామ్మర్ది నన్ను చూసి కుళ్ళుకున్నాడు! ఆ సంగతి తిరుగు బస్సులో ప్రొద్దుటూరు దాకా నమిలి నమిలి మింగాను.

కిటికీలోంచి ఎండ ఆయన మొహాన పడుతుండింది. కళ్ళు చిట్లించి ఉంటాడనే అనుకుంటాను. అడిగి తెలుసుకునే ఉద్దేశం మాత్రం నాకు లేదు.